మెట్ల మీద ఆదివారం రైలు

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నేను ముప్పై ఏళ్ళకు పైగా చేసిన గ్రామసేవిక ఉద్యోగంలో తను ఈమధ్యే చేరింది. రైతులు తమ ఒంటిని తాము ఎలా చూసుకోవాలో నేర్పే క్లాసులు పెట్టమని పైనుంచి ఆర్డర్ వచ్చిందట. మామూలు రోజుల్లో ఎవరూ రావడం లేదట. "మేడమ్, సండే పెట్టేస్తే ఎలా ఉంటుంది? చర్చి అయ్యాక సబ్ లోగ్ ఒకేచోట దొరుకుతారు" అంది. ఆ గొంతులో ఉపాయం తట్టిన సంతోషం ఉంది. ఆ సంతోషం నాకు బాగా తెలుసు. ఒకప్పుడు ఆ ఉపాయం నాకూ తట్టింది.

"ఆదివారం వద్దమ్మా" అన్నాను.

"క్యోఁ మేడమ్?"

ఫోన్లో చెప్పలేకపోయాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అబద్ధమాడి పెట్టేశాను. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. ఆ పిల్లకి తెలుగు మాట్లాడటం వచ్చినంత చదవడం రాదు. వాళ్ళమ్మ చదివి వినిపిస్తుందని నా ఆశ. ఇలాంటి ఉద్యోగాల్లో కొత్తగా చేరిన మిగతా పిల్లలూ వింటే మరీ మంచిది.

మాది అండమాన్‌లో మిన్నీ బే. మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వేట కోసం ఈ దీవులకొచ్చిన మనిషి. మా ఇంట్లో వేటకు వెళ్ళని రోజంటే గాలి బాగోలేని రోజు, లేకపోతే ఇంజిన్ పాడైన రోజు. వారంలో ఒక రోజును ముందే పక్కన పెట్టుకుని, ఆ రోజు ఏ పనీ ముట్టుకోకుండా ఉండటం మా వాళ్ళెవరికీ తెలియదు. నాకు ఉద్యోగం వచ్చాక కూడా అదే అలవాటు. సంచిలో విత్తనాల పొట్లాలూ రిజిస్టరూ వేసుకుని, స్కూటీ మీద గుట్టలెక్కుతూ దిగుతూ తిరిగేదాన్ని. మధ్యాహ్నం అన్నం స్కూటీ పక్కన నిలబడి తినేదాన్ని. అదో గొప్ప అనుకునేదాన్ని. నోరు కూడా కాస్త పెద్దదే. నేను ఆఫీసు మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే గుమాస్తా నా ఫైలు తీసి బల్ల మీద పెట్టేవాడు.

రిటైరయ్యే ముందు చివరి కొన్నేళ్ళు నా ఏరియా బ్రూక్షాబాద్ వైపు. గుట్ట వాలులో మెట్లు మెట్లుగా కట్టుకున్న కూరగాయల తోటలు. పైన పోకచెట్లు, కింద బెండ, బీర, తోటకూర, మిరప. అక్కడ తోటలు చేసేవాళ్ళలో మన తెలుగు క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. మగవాళ్ళు హార్బర్లోనో, కట్టుబడి పనుల్లోనో ఉంటారు. తోట ఆడవాళ్ళదే.

అందులో ఒకావిడ గురించే ఇదంతా. పేరు రాయను. నేను ఆవిణ్ణి అప్పా అని పిలిచేదాన్ని, మా వైపు అక్కని అలా అంటాం. ఆవిడ నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది, అయినా నన్ను దీదీ అనేది. ఇక్కడ సర్కారు ఆడమనిషి ఎవరైనా దీదీయే. తెల్లవారకముందే లేచి బకెట్ పట్టుకుని నత్తలు ఏరేది. మన దీవుల్లో తోట చేసినవాళ్ళకి నత్తల సంగతి చెప్పక్కర్లేదు, ఒక్కపూట ఏమరుపాటుగా ఉంటే మడి మడంతా మోళ్ళే మిగులుతాయి. నత్తలయ్యాక ఆకుకూర కోసి కట్టలు కట్టి, గంప నెత్తినెత్తుకుని గుట్ట దిగి, రోడ్డు మీద జీపుకి అందించాలి. మళ్ళీ ఎక్కి నీళ్ళు మొయ్యాలి. సాయంత్రం మళ్ళీ గంప. ఆవిడా, ఆవిడ తోడికోడలూ కలిసి ఆ తోట నడిపేవారు. ఆవిడ కూర్చోగా నేను చూసిన సందర్భాలు చాలా తక్కువ.

ఆ రోజుల్లో మాకు ఆర్డర్ వచ్చింది. రైతుల ఆరోగ్యం మీద పది క్లాసులు. ప్రతి క్లాసుకి పాతికమంది సంతకాలు, బ్యానరు ముందు ఫొటో. పాఠాలు హిందీ పుస్తకంలో ఉన్నాయి: నీళ్ళు ఎంత తాగాలి, నడుం ఎలా వంచాలి, షుగరు, బీపీ, పగటిపూట విశ్రాంతి. పుస్తకం మంచిదే, ఇప్పటికీ అంటాను. మొదటి క్లాసు మంగళవారం పెట్టాను. ముగ్గురొచ్చారు. అందులో ఒకాయన వాన తగ్గేదాకా నిలబడటానికొచ్చాడు. మా ఆఫీసరు ఫొటో చూసి, "ముగ్గురికి ఇంత పెద్ద బ్యానరా?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు తట్టింది ఆదివారం. చర్చిలో తెలుగు ఆరాధన పన్నెండు దాటాక అవుతుంది. అందరూ ఉతికిన బట్టల్లో, చేతిలో పని లేకుండా ఉంటారు. పక్కనే రేకుల హాలుంది, ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన "ఆదివారం విశ్రాంతి దినం కదమ్మా" అన్నాడు.

"విశ్రాంతి గురించే కదండీ అయ్యగారూ, నేను చెప్పేది" అన్నాను.

ఆయన నవ్వేసి హాలు తాళంచెవి ఇచ్చాడు. ఆ మాటకి నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ ఆదివారమే భోజనాలయ్యాక అప్ప ఇంటికి వెళ్ళాను, ఆవిడ ఒప్పుకుంటే మిగతావాళ్ళు వస్తారని. గుట్ట మీద ఇల్లు కాబట్టి ముందు ఆరేడు సిమెంటు మెట్లుంటాయి. ఆ మెట్ల మీద ఆడవాళ్ళు ఒకరి ముందొకరు కూర్చున్నారు, నలుగురో అయిదుగురో. ప్రతి మనిషీ తన ముందు మెట్టు మీదున్న మనిషి జుట్టు విప్పి, కొబ్బరినూనె రాసి, చిక్కు తీస్తోంది. పైమెట్టు మీద తోడికోడలు, ఆమె మోకాళ్ళ మధ్య అప్ప. అప్ప కళ్ళు మూసుకుని ఉంది. ఆవిడ మొహం అలా వదులుగా ఉండటం అంతకుముందు నేను చూడలేదు.

"ఏంటప్పా, రైలు కట్టారు?" అన్నాను.

"అండమాన్‌కి రైలెయ్యలేదు కదా సర్కారు. మేమే ఏసుకున్నాం" అంది తోడికోడలు. అందరూ నవ్వారు. అప్ప కళ్ళు తెరవకుండానే నవ్వింది.

ఆ రైలు వాళ్ళకి ఎన్నో ఏళ్ళ అలవాటని తర్వాత తెలిసింది. వారమంతా ఎవరి ముడి వాళ్ళు గబగబా వేసుకుంటారు, గంప కింద అది ఎవరికీ కనపడదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఒకరి తల ఇంకొకరి చేతిలో పెడతారు. పేలు చూస్తారు, పుండ్లు చూస్తారు, జలగ కాటు మానిందో లేదో చూస్తారు, మెడ మీద గంప ఒరిపిడికి నూనె పెట్టి రుద్దుతారు. నోటితో అక్కర్లేని సంగతులన్నీ మాట్లాడుకుంటారు. ఆ గంట గడిచాక కాసేపు చాప మీద పడుకుంటారు. ఇవన్నీ నా కళ్ళముందే జరుగుతున్నాయి. నాకు కనపడింది మాత్రం జుట్టు దువ్వుకుంటూ ఖాళీగా కూర్చున్న అయిదుగురు ఆడవాళ్ళు.

"ఆరాధన అవగానే ఈ పూటే క్లాసు పెడదామనుకుంటున్నా అప్పా. మీ ఆరోగ్యం కోసమే. పది ఆదివారాలే, బస్" అన్నాను.

తోడికోడలు చెయ్యి ఆగింది. "వారానికి ఒక్కపూటే కదా దీదీ మాకు" అంది మెల్లగా.

అప్ప కళ్ళు తెరిచి నన్ను చూసింది. నా మొహంలో ఆ ముగ్గురి ఫొటో తాలూకు దిగులు కనిపించిందో ఏమో. "దీదీ అంత దూరం నుంచి మనకోసం వస్తంటే మనం ఈ నాలుగడుగులు ఎయ్యలేమేటి? వస్తాం దీదీ" అంది.

పై ఆదివారం పాస్టరు గారు ప్రకటనల్లో నా క్లాసు సంగతి చదివాడు, యువజనుల కూటానికీ వివాహ ప్రకటనకీ మధ్యలో. దాంతో జనం దాన్ని కూడా ఆరాధనలో భాగం అనుకున్నారు, మానకూడదనుకున్నారు. మొత్తం ముప్పై ఒక్కమంది వచ్చారు. అప్ప ఒక పెద్ద స్టీలు క్యాన్లో అందరికీ టీ పట్టుకొచ్చింది. వద్దన్నాను. "మీటింగంటే చాయ్ ఉండాల కదా" అంది. ఆ టీ కోసం ఆవిడ ఆరాధన చివరి పాటకి ముందే లేచి ఇంటికెళ్ళి వస్తోందని నేను కనుక్కోలేదు.

క్లాసులు బాగా జరిగాయి. నాకు మాట్లాడటం వచ్చు, నవ్వించడం వచ్చు. నడుం వంచడం చూపించడానికి నేనే గంపెత్తుకుని హాలంతా తిరిగాను. నాలుగో పాఠం పగటి విశ్రాంతి గురించి. రోజుకో అరగంట అయినా నడుం వాల్చాలి, కళ్ళు మూసుకోవాలి అని చెబుతున్నాను. వెనక వరుసలో ఒక ముసలామె కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోతోంది. "దేఖో, నేను నిద్ర గురించి చెబుతుంటే ఈవిడ నిద్రపోతోంది, లేపండి లేపండి" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. లేపారు. ఆమె సిగ్గుపడుతూ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. విశ్రాంతి పాఠం పూర్తిచేశాను.

ఆరో పాఠం మెడ, భుజాలు. ఎవరో ఒకరిని ముందు కూర్చోబెట్టి చూపించాలి. అప్పని పిలిచాను. ఆవిడ ముడి పైకెత్తి మెడ మీద చెయ్యి వేసి, ఇక్కడ బరువు పడుతుంది, ఇక్కడ నరం పట్టేస్తుంది అని పుస్తకంలో ఉన్నట్టు చెబుతున్నాను. ముడి కింద, చెవికి కాస్త వెనగ్గా, నా వేళ్ళకి ఏదో గట్టిగా తగిలింది. చింతగింజ కంటే కొంచెం పెద్దది.

ఒక్క క్షణం ఆగాను. ఆ సంగతి నాకు గుర్తుంది. ఆగలేదని చెప్పుకుంటే బాగుండేది.

"నొప్పిగా ఉందా అప్పా?"

"లేదు దీదీ. దర్ద్ ఏం లేదు."

"చూశారా" అన్నాను అందరివైపూ తిరిగి. "ఏళ్ళ తరబడి గంప మోస్తే కండ ఇలా గట్టిపడిపోతుంది. రోజూ రాత్రి ఉప్పు మూటతో కాపడం పెట్టుకో అప్పా, కరిగిపోతుంది." ఈ మాట పుస్తకంలో లేదు. నోటికొచ్చింది, అనేశాను. ముప్పైమంది నా వైపు చూస్తుంటే నాకు తెలియదు అనే మాట నా నోటికి రాలేదు. మీకు ఇంకేమీ గుర్తుండకపోయినా ఆ రెండు ముక్కల మాట అనడం నేర్చుకోండి పిల్లలూ, నేను రిటైరయ్యేదాకా నేర్చుకోలేదు.

అప్ప రోజూ కాపడం పెట్టుకుంది. దీదీ చెప్పింది కాబట్టి ఒక్కరోజు కూడా మానలేదట. తర్వాతి క్లాసుల్లో కాస్త నీరసంగా కనిపించింది. అడిగితే నత్తలు ఎక్కువయ్యాయంది. తొమ్మిదో క్లాసుకి జ్వరంతోనే టీ క్యాను మోసుకొచ్చింది. నేను ఆవిడ భుజం తట్టి, "ఇదిగో, హాజరంటే ఈవిడది" అని అందరికీ చూపించాను. పదో క్లాసుకి ఆఫీసరే వచ్చాడు. సర్టిఫికెట్లిచ్చాడు. ఫొటోలో నలభైమంది దాకా ఉన్నాం. అప్పకి మొదటి బహుమతిగా ఒక ఫ్లాస్కు ఇచ్చాం. పది క్లాసులూ మానకుండా వచ్చినందుకు.

ఆ పై ఆదివారం వాళ్ళ మెట్ల మీద మళ్ళీ రైలు కట్టారు. మర్నాడు పొద్దున నేను ఆఫీసులో రిపోర్టు రాసుకుంటుంటే అప్పా, తోడికోడలూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. సోమవారం పొద్దున్న తోట వదిలి ఇద్దరూ రావడమే నాకు వింతగా అనిపించింది. తోడికోడలు లోపలికి వచ్చి, అప్పని నా కుర్చీ పక్కన కూర్చోబెట్టి, ముడి విప్పి పక్కకి తీసింది.

"సూడండి దీదీ. ఇది బరువు కాదు."

నా చేతిని ఆమే పట్టుకుని అక్కడ పెట్టింది. అప్పుడు చింతగింజ. ఇప్పుడు పోకకాయంత ఉంది. పక్కన ఇంకోటి.

"ఈ మెడ నాకు పదహారేళ్ళ నుంచి తెలుసు" అంది ఆమె. ఆమె గొంతులో కోపం లేదు, ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "ఏ ఆదివారం ఎక్కడ ఏముందో నాకు తెలుసు. మీ క్లాసులు మొదలవకముందు ఇది లేదు. ఈ పది వారాలూ నేను అక్క తల ముట్టుకోలేదు. టీలు, కుర్చీలు, క్లాసు, ఇంటికొచ్చేసరికి సాయంత్రం మడికి టైమైపోయేది. ఎవరి ముడి వాళ్ళమే ఏసుకున్నాం."

అప్ప ఆమె చెయ్యి పట్టుకుని, "సాల్లే, దీదీకి ఆఫీసు పనుంది" అంది.

రిపోర్టు అక్కడే వదిలేసి ముగ్గురం ఆటోలో పెద్దాసుపత్రికి వెళ్ళాం. దారంతా నేను ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను, భయమేస్తే నేను అంతే. డాక్టరు కుర్రవాడు, హిందీ మనిషి. మెడంతా తడిమి చూశాడు, చంకల్లో చూశాడు. ఎన్నాళ్ళయిందని అడిగాడు. ఇంతకుముందు ఎవరికైనా చూపించారా, ఎవరైనా చూశారా అని అడిగాడు.

చెప్పాల్సింది నేను. నెల దాటింది సార్, నేను చూశాను, నేనే కాపడం పెట్టుకోమన్నాను అని చెప్పాలి. ఆయన నా మెళ్ళో ఐడీ కార్డు వైపు చూస్తున్నాడు.

"నహీఁ సాబ్" అంది అప్ప. "కిసీనే నహీఁ దేఖా."

ఎవరూ చూడలేదంది. తోడికోడలు నా వైపు చూసి తల తిప్పుకుంది. నేను నోరు తెరవలేదు. డాక్టరు, ముందే వచ్చి ఉండాల్సింది అని తనలో తాను అనుకున్నట్టు అని, చీటీ మీద ఏదో రాసుకున్నాడు. నా ఉద్యోగంలో చాలామంది నన్ను తిట్టారు, కొందరు నా మీద పైకి రాశారు. అవేవీ నాకిప్పుడు గుర్తు లేవు. ఆవిడ నన్ను కాపాడిన ఆ మాట మాత్రం ఎప్పుడు గుర్తొచ్చినా చేస్తున్న పని వదిలేసి లేచి నిలబడతాను.

గడ్డ మంచిది కాదని తేలింది. ఇక్కడ కుదరదు, మెయిన్‌లాండ్ వెళ్ళాలన్నారు. వైజాగ్‌లో ఆవిడ తమ్ముడున్నాడు. విమానం ఎక్కించడానికి నేనూ వెళ్ళాను. లోపలికి వెళ్ళేముందు ఆవిడ చెప్పింది తోట గురించే. బీరపాదులకి పందిరి కట్టలేదు, నత్తలు ఈ వాన్లకి మళ్ళీ వస్తాయి, దీదీ కాస్త వెళ్ళి చూస్తూ ఉండు. అలాగే అన్నాను.

ఇక్కడ మెచ్చుకోళ్ళు వచ్చాయి. నా పది క్లాసులు బాగున్నాయని పైవాళ్ళు సంతోషించారు. ఆదివారం పద్ధతి బాగుంది, ఇంకో రెండు ఏరియాల్లో కూడా నువ్వే చెయ్యాలి అన్నారు. కాదని చెబుదామని ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. ఆయన లేచి నిలబడి, షాబాష్ అన్నాడు. మనల్ని పొగుడుతున్న మనిషి ముందు తప్పు ఒప్పుకోవడం ఎంత కష్టమో మీకు కూడా ఏదో ఒక రోజు తెలుస్తుంది. సరే సార్ అని బయటికొచ్చాను. మళ్ళీ ఆదివారాలు మొదలెట్టాను, వేరే ఊళ్ళో.

ఆ వైద్యం ఎనిమిది నెలలు పట్టింది. అప్ప తిరిగొచ్చిందని తెలిసిన ఆదివారమే మధ్యాహ్నం వెళ్ళాను. మెట్ల మీద రైలుంది. ముగ్గురే ఉన్నారు ఆ రోజు. అప్ప జుట్టంతా ఊడిపోయి మళ్ళీ వేలి కణుపంత మొలిచింది. దువ్వడానికి ఏమీ లేదు. అయినా తోడికోడలు వెనక కూర్చుని, అరచేతిలో నూనె వేసుకుని ఆ చిన్న చిన్న వెంట్రుకల్లోకి రాస్తోంది. రాస్తూ రాస్తూ వేళ్ళు మెడ మీదికి దించి, చెవుల వెనక, గొంతు పక్కన, మెల్లగా తడుముతోంది. అప్ప కళ్ళు మూసుకునే ఉంది. బాగా చిక్కిపోయింది.

నేను దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టాను. "అప్పా, ఆ రోజు క్లాసులో నేను..."

"ఇంకా దాన్నే మోస్తన్నావేటి?" అంది కళ్ళు తెరవకుండానే. "నెత్తి మీద బరువు మొయ్యొద్దని నువ్వే కదా సెప్పినావు."

వాళ్ళు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ చూడకుండా పమిటతో తుడుచుకున్నాను. చూసిందనుకుంటాను, గొంతు మార్చింది.

"ఒక మాట సెప్పనా దీదీ? నీ క్లాసంటే నాకు ఇష్టమే. ఆ హాల్లో ఎర్ర కుర్చీ ఉండేది కదా, దాంట్లో కూకుంటే ఒకరు నాకేసి సూసి, నీళ్ళు తాగుతున్నావా, నిద్దరోతున్నావా అని అడిగేవారు. ఇంతకుముందు నన్ను ఎవులూ అలా అడగలేదు. ఇది అడగదు, సూస్తాది అంతే" అని తోడికోడలి వైపు తల వంచి చూపించింది. "రెండూ కావాల దీదీ. మనకి ఒక్క పూటే ఉంది, అదే తంటా."

తర్వాత తన ముందు మెట్టు చేత్తో తుడిచింది. "రా. కూకో."

"ఆ ముడి ఇప్పండి" అంది తోడికోడలు. "ఎన్నాళ్ళయిందో మీ తలకి నూనె ఎట్టి."

నేను వాచీ చూసుకున్నాను. మూడింటికి అవతలి ఊళ్ళో నా క్లాసుంది. నిద్ర, విశ్రాంతి పాఠమే. పాతికమంది వచ్చి కూర్చుని ఉంటారు.

"వచ్చే ఆదివారం అప్పా, పక్కా" అని స్కూటీ స్టార్ట్ చేశాను.

ఆ వచ్చిన ఆదివారం క్లాసుంది. ఆ పై ఆదివారం కూడా. తర్వాత వానలు పట్టాయి. ఆ వానల్లోనే ఆవిడకి మళ్ళీ తిరగబెట్టింది, ఈసారి నాకు తెలిసేలోపే వైజాగ్ తీసుకెళ్ళిపోయారు. అక్కడే పోయింది. ముందే తెలిసి ఉంటే బతికేదా అని తర్వాత ఆ కుర్ర డాక్టరునే వెళ్ళి అడిగాను. అప్పుడు చెప్పాను ఆయనకి, నేను చూశానని. చెప్పలేం మేడమ్, కావచ్చు, కాకపోవచ్చు అన్నాడు. ఆ రెంటిలో ఏదో ఒకటి గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ వారమే ఆఫీసుకి వెళ్ళి ఆదివారం క్లాసులు చెయ్యనన్నాను. తిట్లు పడ్డాయి. రిటైరయ్యేదాకా మిగిలిన కొద్దికాలం పొద్దున్నే బకెట్ పట్టుకుని వాళ్ళతో పాటు నత్తలు ఏరుతూ చెప్పాల్సింది చెప్పేదాన్ని. సంతకాలు పాతిక ఎప్పుడూ కాలేదు. ఫొటోల్లో నా వెనక బ్యానరుకి బదులు తోటకూర మడి ఉండేది.

ఇప్పుడు బతు బస్తీలో ఉంటున్నాను. కావలసినంత తీరిక. ఆదివారం మధ్యాహ్నం పూట భోజనం చేసి, గిన్నెలు కడిగి, అద్దం ముందు నిలబడి నా ముడి నేనే వేసుకుంటాను. అప్ప ఉండి ఉంటే బస్సెక్కి వెళ్ళి ఆ మెట్టు మీద కూర్చునేదాన్ని. సాయంత్రం దాకా కదిలేదాన్ని కాదు. ఆవిణ్ణి చూడాలని ఉంది. కళ్ళు మూసుకుని నవ్వడం చూడాలని ఉంది. ఈ వయసులో ఇలా రాసుకోవడానికి సిగ్గుపడటం లేదు.

ఆవిడ పోయిన కబురు ఫోన్లో చెప్పింది తోడికోడలే. పొద్దున్న పది గంటలప్పుడు, నేను ఆఫీసులో విత్తనాల స్టాకు చూస్తున్నాను. ఎలా జరిగిందో చెప్పింది, సమాధి అక్కడే చేశారని చెప్పింది. ఇద్దరం ఏడ్చాం. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"దీదీ, ఆ రోజు మీరు క్లాసుందని వెళ్ళిపోయారు కదా. మీ స్కూటీ గుట్ట దిగేదాకా అక్క అలా సూస్తానే ఉంది. దీదీ ఇంత తిరుగుతాది కదా, మరి ఆవిడ మెడ ఎవులు సూస్తారే అని నన్నడిగింది. నాకు తెలీదన్నాను." మళ్ళీ తనే అడిగింది. "ఎవులు సూస్తారు దీదీ?"

నేను నా ముడి కిందికి చెయ్యి పోనిచ్చి మెడ తడుముకున్నాను. అవతల ఆమె ఎదురుచూసి, ఫోన్ పెట్టేసింది.